పిచర్లని లెక్క చూసుకుని, బ్యాటర్లని ఏరికోరి

ప్రశ్న

నమస్కారం సర్. మాది గాజువాక. నేనూ మా బావా కలిసి బేస్‌బాల్ టీమ్‌ని మేనేజర్‌లా నడిపే ‘అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్’ అనే కంప్యూటర్ గేమ్‌లో ఒక ఆన్‌లైన్ లీగ్ ఆడుతున్నాం. టీమ్ ఒకటే, నడిపేది ఇద్దరం. లీగ్‌లో సగం మంది వైజాగ్ వాళ్ళు, మిగతా సగం అమెరికాలో స్థిరపడిన మా ఇంజినీరింగ్ బ్యాచ్. ఆదివారం రాత్రి సిమ్ నడుస్తుంది, అంటే మ్యాచ్‌లు కంప్యూటరే ఆడించేస్తుంది. సోమవారం ఎ-షిఫ్ట్‌కి బయల్దేరే ముందు ఫోన్‌లో రిజల్ట్స్ చూసుకుంటాను.

మేం టీమ్ తీసుకుని గేమ్ లెక్కలో మూడు సీజన్లయింది. కొత్త ఆటగాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు మూడుసార్లు జరిగింది, మూడింట్లోనూ ఫస్ట్ రౌండ్‌లో కాలేజీ పిచర్లనే, అంటే బంతి వేసేవాళ్ళనే, తీసుకున్నాం. ఇప్పుడు మా టాప్ టెన్ ప్రాస్పెక్టుల్లో (పైకొస్తారనుకునే కుర్రాళ్ళలో) ఏడుగురు పిచర్లే. ఈ సీజన్లో వాళ్ళలో ఇద్దరికి మోచెయ్యి పోయింది, ఇంకొకడి రేటింగ్ అమాంతం పడిపోయింది. పిచర్లందరినీ అమ్మేసి బ్యాటర్లని కొందామంటాడు బావ. పిచింగ్ లేకుండా ఎవడూ గెలవలేడంటాను నేను. కుర్రాళ్ళని తయారుచేసే కింది స్థాయి టీముల్లో, అంటే ఫార్మ్ సిస్టమ్‌లో, పిచర్లు, పొజిషన్ ప్లేయర్లు (బ్యాటింగ్, ఫీల్డింగ్ చేసే మిగతావాళ్ళు) ఏ పాళ్ళలో ఉండాలి? వచ్చే ఆదివారమే డ్రాఫ్టు, మాది ఆరో పిక్. ఒక కాలేజీ పిచర్‌కీ ఒక హైస్కూల్ షార్ట్‌స్టాప్‌కీ (సెకండ్, థర్డ్ బేస్‌ల నడుమ నిలబడే ఫీల్డర్‌కీ) మధ్య తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. దెబ్బ తగిలిన ఇద్దరినీ వదిలేసుకోవచ్చా? అందరి రేటింగులూ, రోస్టర్లూ, బడ్జెట్ వివరాలూ, ఒక్కొక్కరి గురించి మా ఇద్దరి అభిప్రాయాలూ జత చేశాను.

సమాధానం

పాళ్ళు అడిగారు కాబట్టి ముందు అదే చెప్తాను. తలలు లెక్కపెడితే మీ ఫార్మ్‌లో పిచర్లే ఎక్కువ ఉండాలి. వందమందిలో యాభై అయిదు మంది దాకా వాళ్ళే ఉన్నా తప్పు లేదు. విలువ లెక్కపెడితే మాత్రం బ్యాటర్లదే పైచేయి కావాలి. టాప్ టెన్‌లో ఆరుగురైనా పొజిషన్ ప్లేయర్లు ఉండాలి. మీ దగ్గర ఇది తిరగబడింది. ఖరీదైన పిక్స్ పిచర్ల మీద పెట్టారు, కింది రౌండ్లలో దొరికిన వాళ్ళతో ఇన్‌ఫీల్డ్ నింపారు. కాబట్టి మీ మాటలోనూ నిజం ఉంది, మీ బావగారి మాటలోనూ ఉంది. మీరు తలల గురించి మాట్లాడుతున్నారు, ఆయన విలువ గురించి మాట్లాడుతున్నారు.

తలలు ఎందుకు ఎక్కువ కావాలో చూడండి. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. అంటే 1,458 ఇన్నింగ్స్ ఎవరో ఒకరు బంతి వెయ్యాలి. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ వల్ల కొంత పెరిగినా, వాన వల్ల కొంత తగ్గినా దాదాపు అంతే. మ్యాచ్ మొదలుపెట్టే అయిదుగురు స్టార్టర్లూ ఏడాది పొడుగునా ఆరోగ్యంగా ఉండి ఒక్కొక్కరు 150 వేశారనే అనుకుందాం, 750 అయింది. మిగిలిన ఏడు వందల పైచిలుకు ఇన్నింగ్స్ బుల్‌పెన్ (స్టార్టర్ తర్వాత దిగే రిలీవర్లు), మేజర్ లీగ్‌కి కిందిమెట్టు అయిన ట్రిపుల్ ఎ నుంచి వచ్చి పోయేవాళ్ళు వెయ్యాలి. అసలు ఈ రోజుల్లో ఏడాదికి 200 ఇన్నింగ్స్ వేసే పిచర్లని మొత్తం మేజర్ లీగ్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. యాక్టివ్ రోస్టర్‌లో (మ్యాచ్‌లకి అందుబాటులో ఉండే జట్టు జాబితాలో) 26 మంది ఉంటే పిచర్లు 13 మందికి మించకూడదని 2022 నుంచి అమలు చేస్తున్నారు. పరిమితి పెట్టాల్సి వచ్చిందంటేనే టీములు ఎంతమంది పిచర్లని కోరుకుంటున్నాయో తెలుస్తుంది. ఇటు చూస్తే, మంచి షార్ట్‌స్టాప్ ఒక్కడు దొరికితే 150 మ్యాచ్‌లు వాడే ఆడేస్తాడు. ఆ స్థానం గురించి మళ్ళీ ఆలోచించక్కర్లేదు.

కింద కూడా అదే లెక్క. 2021 నుంచి ఒక్కో మేజర్ లీగ్ టీమ్‌కి సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని నాలుగు ఫుల్ సీజన్ టీములు. మీ లీగ్ కూడా ఇదే పద్ధతిలో ఉందని రోస్టర్లు చూస్తే అర్థమైంది. నాలుగు చోట్లా పదమూడు, పద్నాలుగు మంది చొప్పున పిచర్లు లేకపోతే ఉన్నవాళ్ళ చేతులు అరిగిపోతాయి. మీ హై ఎ టీమ్‌లో పదకొండు మందే ఉన్నారు. మోచెయ్యి పోయిన ఇద్దరూ ఆ టీమ్‌ వాళ్ళే. గాయాల్లో అదృష్టం పాలు ఎక్కువే గానీ, అలిసిపోయిన పిచర్‌తో మళ్ళీ వేయిస్తే ముప్పు పెరుగుతుందని గేమ్‌లో కూడా ఉంది. ఈ వారమే రిలీజ్ అయినవాళ్ళ జాబితాలోంచి ముగ్గురు మామూలు పిచర్లని తెచ్చి అక్కడ పెట్టండి. వాళ్ళు ఎప్పటికీ పైకి రారు, రానక్కర్లేదు. అసలువాళ్ళకి విశ్రాంతి దొరికితే చాలు.

ఇక విలువ సంగతి. ఇక్కడే మనలాంటి వాళ్ళం దారి తప్పుతాం. క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళకి, పిచర్ అనగానే ఫాస్ట్ బౌలర్ కళ్ళముందు మెదులుతాడు. మన వైజాగ్ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డినే తీసుకోండి. బౌలింగ్ చేస్తాడు, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో స్థానంలో దిగి సెంచరీ కొట్టాడు. బౌలింగ్ కలిసిరాని రోజున బ్యాట్‌తో, అదీ కాకపోతే ఫీల్డింగ్‌తో టీమ్‌కి పనికొస్తాడు. బేస్‌బాల్‌లో స్టార్టర్ అయిదారు రోజులకి ఒకసారి దిగుతాడు. 2022లో మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లోనూ పిచర్ బదులు బ్యాట్ పట్టే డిజిగ్నేటెడ్ హిట్టర్ వచ్చాక, రెండు పనులూ చేసే ఓతానీ లాంటి అరుదైన మనిషిని పక్కన పెడితే, పిచర్లు బ్యాట్ ముట్టుకోవడమే లేదు. పిచర్ చెయ్యి పోయిందంటే ఇంక వాడి దగ్గర వేరే ఏమీ ఉండదు. అదే షార్ట్‌స్టాప్‌కి బ్యాటింగ్ అనుకున్నంత రాకపోయినా గ్లవ్, అంటే ఫీల్డింగ్, ఉంటుంది. గ్లవ్ తగ్గితే సెకండ్ బేస్ ఉంటుంది, థర్డ్ బేస్ ఉంటుంది. ఒక మనిషి మీద పెట్టిన పిక్ ఎన్ని రకాలుగా మీకు తిరిగి రాగలదో చూసుకోవాలి.

అసలు డ్రాఫ్ట్ చరిత్రలో దీనికి ఉదాహరణలకి కొదవ లేదు. 1991లో యాంకీస్ మొట్టమొదటి పిక్‌తో బ్రియన్ టేలర్ అనే హైస్కూల్ పిచర్‌ని తీసుకుని, అప్పటికి రికార్డు అయిన 15.5 లక్షల డాలర్లు ఇచ్చింది. 1993 డిసెంబరులో భుజానికి దెబ్బ తగిలింది. ఆ కుర్రాడు డబుల్ ఎ దాటలేదు. 2013లో ఆస్ట్రోస్ ఫస్ట్ పిక్‌గా మార్క్ ఆపెల్‌ని ఎంచుకుంది. కాలేజీ పిచర్, అన్ని విధాలా సిద్ధంగా ఉన్నవాడు, మీరు తీసుకుంటున్న రకం. అతను మేజర్ లీగ్‌లో మొదటి బంతి వేసింది 2022లో, అదీ ఫిలీస్ తరఫున. ఆపెల్ తర్వాత రెండో పిక్‌గా కబ్స్ తీసుకున్న క్రిస్ బ్రయంట్ 2015లో రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), 2016లో ఎంవీపీ (లీగ్‌లో ఉత్తమ ఆటగాడు).

అయితే విడి మనుషుల కథలతో పాలసీ నిర్ణయించకూడదు. మొత్తం ఫార్మ్ ఏమవుతుందో చూడాలంటే కాన్సాస్ సిటీ రాయల్స్‌ని చూడండి. మీ పరిస్థితికి ఇంతకంటే దగ్గర ఉదాహరణ నాకు తెలీదు. 2011 మొదట్లో బేస్‌బాల్ అమెరికా పత్రిక టాప్ 100 ప్రాస్పెక్టుల జాబితాలో రాయల్స్ వాళ్ళే తొమ్మిది మంది. అందులో బ్యాటర్లు నలుగురు: హాస్మర్, ముస్టాకస్, విల్ మైయర్స్, క్రిస్టియన్ కొలోన్. పిచర్లు అయిదుగురు: జాన్ లాంబ్, మైక్ మాంట్‌గోమరీ, డానీ డఫీ, జేక్ ఒడొరిజీ, క్రిస్ డ్వయర్. రాబోయే రాయల్స్ రొటేషన్ (స్టార్టర్ల వరస) అంటే ఈ అయిదుగురే అని అనుకున్నారు అందరూ.

ఏమైంది? లాంబ్‌కి 2011లో మోచేతి ఆపరేషన్, డఫీకి 2012లో అదే. డ్వయర్ నిలదొక్కుకోలేదు. 2012 డిసెంబరులో మైయర్స్, ఒడొరిజీ, మాంట్‌గోమరీలని టాంపా బేకి ఇచ్చి జేమ్స్ షీల్డ్స్‌నీ వేడ్ డేవిస్‌నీ తెచ్చుకున్నారు. 2015 జులైలో లాంబ్‌తో పాటు ఇంకో ఇద్దరు పిచర్లని సిన్సినాటికి ఇచ్చి జానీ క్వేటోని తెచ్చారు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచారు. హాస్మర్ ఫస్ట్ బేస్‌లో, ముస్టాకస్ థర్డ్ బేస్‌లో. రెండో మ్యాచ్ మొత్తం క్వేటో ఒక్కడే వేశాడు. చివరి మ్యాచ్‌లో పన్నెండో ఇన్నింగ్స్‌లో గెలుపు పరుగు తెచ్చిన హిట్ కొలోన్‌ది, చివరి అవుట్ తీసింది డేవిస్. ఆ అయిదుగురు పిచర్లలో రాయల్స్‌లోనే ఉండి పనికొచ్చింది డఫీ ఒక్కడే. కానీ మిగతావాళ్ళు వృథా అయ్యారని నేను అనను. ముగ్గురు వేరే టీముల చేతుల్లోకి వెళ్ళి, తయారైన పిచర్లని తెచ్చిపెట్టారు. మాంట్‌గోమరీ సంగతి ఇంకా ఉంది. 2016లో కబ్స్ 1908 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచిన రాత్రి చివరి అవుట్ తీసిన పిచర్ అతనే, ఆ బంతిని అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరింది బ్రయంట్.

మీ ఫార్మ్‌ని కూడా ఈ కంటితోనే చూడండి. బ్యాటర్లని ఎక్కువగా ఉంచుకోవడానికి పెంచాలి. పిచర్లని కొంతమందిని ఉంచుకోవడానికి, ఎక్కువమందిని మార్చుకోవడానికి పెంచాలి.

బావగారు చెప్పే పూర్తి బ్యాటర్ల పద్ధతికి నమూనా ఆ కబ్స్ జట్టే. 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగేళ్ళు ఫస్ట్ రౌండ్ మొదటి పిక్ బ్యాటర్లకే పెట్టారు: అల్‌మోరా, బ్రయంట్, ష్వార్బర్, హ్యాప్. పిచింగ్ బయటి నుంచి తెచ్చారు. అరియెటా, హెండ్రిక్స్ ట్రేడ్‌లో వచ్చారు. 2014 డిసెంబరులో జాన్ లెస్టర్‌కి ఆరేళ్ళకి 15.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఈ చివరి మాట బావగారికి తప్పకుండా చదివి వినిపించండి. మీరు రాసిన ప్రకారం మీ టీమ్ బడ్జెట్ లీగ్‌లో ఇరవైమూడో స్థానంలో ఉంది. ఒప్పందం ముగిసిన ఫ్రీ ఏజెంట్ల మార్కెట్‌లో పెద్ద పిచర్‌ని కొనే స్తోమత మీకు లేదు. అంటే మీకు పిచర్లు కావాల్సిందల్లా ఫార్మ్ లోంచే రావాలి, నేరుగా గానీ ట్రేడ్ రూపంలో గానీ. అందుకే అందరినీ అమ్మేస్తే రెండేళ్ళలో మళ్ళీ మొదటికొస్తారు.

పిచర్లు కింది రౌండ్లలో దొరుకుతారా అనే అనుమానం మీకు వస్తుంది. దొరుకుతారు. జేకబ్ డిగ్రామ్ 2010లో తొమ్మిదో రౌండ్ పిక్, కాలేజీలో ఎక్కువకాలం షార్ట్‌స్టాప్‌గా ఆడినవాడు. 2018, 2019ల్లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. షేన్ బీబర్ 2016లో నాలుగో రౌండ్, 2020లో సై యంగ్. బీబర్‌ని డ్రాఫ్ట్ చేసినప్పుడు వేగం పెద్దగా లేదు, బంతిని అనుకున్న చోట వెయ్యడం వచ్చు. వేగం తర్వాత వచ్చింది. గేమ్‌లో కూడా ఇది కనిపిస్తుంది. పిచర్లకి హఠాత్తుగా వేగం పెరగడం, కొత్త పిచ్ అబ్బడం జరుగుతుంటాయి. కాబట్టి నాలుగో రౌండ్ నుంచి పన్నెండో రౌండ్ దాకా కంట్రోల్ బావున్న కాలేజీ పిచర్లని గంపగుత్తగా తీసుకోండి. ఇరవై రౌండ్లలో పన్నెండు మంది పిచర్లు, ఎనిమిది మంది బ్యాటర్లు అనుకుంటే, మొదటి మూడు రౌండ్లలో ఇద్దరైనా బ్యాటర్లే ఉండాలి. మీ స్కౌట్ చెప్పే పొటెన్షియల్ (ఎంతవరకు ఎదుగుతాడనేది) అంచనా మాత్రమే. అంచనా ఎంత పెద్దదో అది తప్పినప్పుడు దెబ్బ కూడా అంత పెద్దది. పన్నెండు మంది మీద చిన్న చిన్న అంచనాలు పెట్టుకుంటే ఇద్దరు నిలబడినా లాభమే.

ఇప్పుడు మీరు పంపిన రేటింగుల్లోంచి ఇద్దరి గురించి వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే మీ ఇద్దరి గొడవంతా వీళ్ళలోనే ఉంది.

మొదటివాడు మీరు ‘మా ఏస్’ అని రాసిన ఇరవై రెండేళ్ళ పిచర్. డబుల్ ఎలో ఉన్నాడు. 20 నుంచి 80 స్కేలు మీద స్టఫ్ (బంతి పదును) ఇప్పుడు 50, పొటెన్షియల్ 65. మూవ్‌మెంట్ 45, 55. కంట్రోల్ 30, 45. పిచ్‌లలో, అంటే వేసే బంతుల రకాల్లో, ఫాస్ట్‌బాల్ 60, స్లైడర్ 55, చేంజప్ 25, అదీ పొటెన్షియల్ 35. స్టామినా 45. ఆ 65 చూసి మీరు మురిసిపోతున్నారు, ఎవరైనా మురిసిపోతారు. కానీ చేంజప్ దగ్గర ఆగండి. స్టార్టర్‌గా నిలబడాలంటే పనికొచ్చే మూడో పిచ్ ఉండాలి. రెండు పిచ్‌లతో వచ్చినవాడిని బ్యాటర్లు రెండోసారి, మూడోసారి ఎదుర్కొనేసరికి చదివేస్తారు. స్టామినా 45, కంట్రోల్ 30 ఉన్నవాడు అయిదో ఇన్నింగ్స్‌కే తొంభై బంతులకి చేరతాడు. ఇతను స్టార్టర్ కాడు, మంచి రిలీవర్. రిలీవర్‌గా మారిస్తే స్టఫ్ రేటింగ్ ఇంకా పెరిగి కనిపిస్తుంది కూడా. అయితే లీగ్‌లో మిగతా మేనేజర్లకి ఇంకా ఇతను స్టార్టర్‌గానే కనిపిస్తున్నాడు. ఒంట్లో ఏ గాయమూ లేదు, డబుల్ ఎలో ఫలితాలు బావున్నాయి. అమ్మాల్సిన పిచర్ అంటే ఇతనే, అమ్మాల్సిన సమయం అంటే ఇదే. జులై ట్రేడ్ గడువు దాకా ఆగకండి. ఇతని బదులు డబుల్ ఎలో ఉన్న సెంటర్ ఫీల్డర్‌ని గానీ, క్యాచర్‌ని గానీ అడగండి.

రెండోవాడు బావగారు వదిలేద్దామన్న పంతొమ్మిదేళ్ళ షార్ట్‌స్టాప్. కాంటాక్ట్ 35, పొటెన్షియల్ 50. పవర్ 30, 40. ఐ (ఏ బంతిని వదలాలో తెలిసే చూపు) 40, 55. ఈ మూడే చూస్తే ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. డిఫెన్స్ పేజీ తెరవండి. ఇన్‌ఫీల్డ్ రేంజ్ 65, ఆర్మ్ 60, డబుల్ ప్లే 60. ఈ వయసుకే హై ఎలో ఉన్నాడు, వర్క్ ఎథిక్ కూడా బావుందని రిపోర్టులో ఉంది. షార్ట్‌స్టాప్‌లో ఇంత గ్లవ్ ఉన్నవాడు సగటు బ్యాటర్ అయితే చాలు, పదేళ్ళు ఆడతాడు. సగటుకి కాస్త తక్కువైనా ఆడతాడు. ఇతన్ని వారానికి ఒక్కరోజు సెకండ్ బేస్‌లో, ఒక్కరోజు థర్డ్ బేస్‌లో ఆడించండి. ఈ గేమ్‌లో ఆడితేనే ఆ స్థానం రేటింగ్ పెరుగుతుంది. పెరగడానికి ఖర్చేమీ లేదు, ట్రేడ్ విలువ మాత్రం పెరుగుతుంది. మూకీ బెట్స్‌ని 2011లో అయిదో రౌండ్‌లో తీసుకున్నప్పుడు ఇన్‌ఫీల్డరే. తర్వాత రైట్ ఫీల్డ్‌లో గోల్డ్ గ్లవ్‌లు గెలిచాడు. ఆ తర్వాత మళ్ళీ షార్ట్‌స్టాప్‌కీ వచ్చాడు.

‘బ్యాటర్లని కొందాం’ అనే మాటకి ఇక్కడ ఒక షరతు పెట్టాలి. బ్యాటర్లందరూ ఒకటి కాదు. క్యాచర్, షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డ్, సెకండ్ బేస్, మైదానం నడిమి వరసలో ఆడే ఈ నలుగురి మీదే పెద్ద పిక్స్ పెట్టాలి. షార్ట్‌స్టాప్‌ని థర్డ్ బేస్‌కి, సెంటర్ ఫీల్డర్‌ని లెఫ్ట్‌కి జరపడం తేలిక. ఫస్ట్ బేస్‌మన్‌ని ఎక్కడికి జరుపుతారు? బ్యాటింగ్ పండకపోతే అతనూ పిచర్ లాంటి పందెమే. పైగా ఫస్ట్ బేస్ బ్యాటర్లు ఆలస్యంగా కూడా దొరుకుతారు. పాల్ గోల్డ్‌ష్మిట్ 2009లో ఎనిమిదో రౌండ్ పిక్. ఆల్బర్ట్ పూహోల్స్ 1999లో పదమూడో రౌండ్. మీ టాప్ టెన్‌లో ఉన్న ముగ్గురు బ్యాటర్లలో ఇద్దరు ఫస్ట్ బేస్‌మన్లే. కాబట్టి నిజానికి మీ కొరత మీరు అనుకుంటున్న దానికంటే ఎక్కువ. ట్రేడ్‌లో ఎవరైనా మూడో ఫస్ట్ బేస్‌మన్‌ని అంటగట్టబోతే, పవర్ 70 ఉన్నా సరే, వద్దనండి.

ఇంకో సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, కానీ రాబోయే చలికాలంలో మీ మీదికి వచ్చి పడుతుంది. మూడేళ్ళూ కాలేజీ పిచర్లనే తీసుకున్నారు కదా, వాళ్ళంతా దాదాపు ఒకే వయసు. పందొమ్మిదేళ్ళకి గానీ ఆ తర్వాత గానీ సంతకం చేసినవాడిని నాలుగు సీజన్లలోపు నలభై మంది రోస్టర్‌లోకి (మేజర్ లీగ్ టీమ్ పెద్ద జాబితాలోకి) తీసుకోకపోతే, ఇతర టీముల కుర్రాళ్ళని ఎంచుకునే రూల్ 5 డ్రాఫ్టులో వేరే టీమ్ ఎగరేసుకుపోవచ్చు. పద్దెనిమిదేళ్ళకి గానీ అంతకు ముందు గానీ సంతకం చేసినవాడికి అయిదు సీజన్ల గడువు. మీ మొదటి డ్రాఫ్టు వాళ్ళ గడువు ముందు ముగుస్తుంది, ఆ మరుసటి ఏడాదే రెండో డ్రాఫ్టు వాళ్ళది. నలభైలో ఖాళీలు మీకు అయిదే కనిపిస్తున్నాయి. రూల్ 5లో తీసుకున్నవాడిని కొత్త టీమ్ సీజన్ అంతా మేజర్ లీగ్ రోస్టర్‌లో ఉంచుకోవాలి. పిచర్‌నైతే బుల్‌పెన్ మూల కూర్చోబెట్టి ఉంచేసుకుంటారు. యోహన్ సాంటానా 1999లో ఇలాగే ఆస్ట్రోస్ చేతి నుంచి జారి మినసోటా చేరాడు, 2004లోనూ 2006లోనూ సై యంగ్ గెలిచాడు. అందుకని ఈ ఏడాదిలోనే ఇద్దరు పిచర్లని ఇచ్చి, ఇంకా గడువు మొదలవని కుర్రాడినొకడిని తెచ్చుకునే ట్రేడ్‌లు చూడండి. పద్దెనిమిదేళ్ళ సెంటర్ ఫీల్డర్ ఎవరైనా దొరికితే మరీ మంచిది. నలభైలో చోటూ మిగులుతుంది, వయసుల వరసా సర్దుకుంటుంది. నా దృష్టిలో సమతూకం అంటే ఏటా ఒకరిద్దరు పిచర్లు, ఒక బ్యాటర్ పైకి రావడానికి సిద్ధంగా ఉండడం. ఒక్క ఏడాదే ఏడుగురు పిచర్లు తలుపు తడితే అందులో నలుగురు మీకు దక్కరు.

ఉంచుకోవాల్సిన పిచర్లు ఎవరంటే, మీ జాబితాలో మూడోవాడు, ఆరోవాడు. ఇద్దరికీ స్టఫ్ పొటెన్షియల్ 50 దగ్గరే ఆగింది, అందుకే మీరు వాళ్ళ గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. కానీ ఇద్దరికీ నాలుగు పిచ్‌లున్నాయి, కంట్రోల్ ఇప్పటికే 50 దాటింది, స్టామినా 60 పైన. మీ రొటేషన్‌లో నాలుగు, అయిదు స్థానాలు ఏళ్ళ తరబడి చవగ్గా నింపేది వీళ్ళే. వీళ్ళని ట్రేడ్‌లో అడిగితే ఎవరూ పెద్దగా ఇవ్వరు కూడా. రేటింగ్ పడిపోయిన కుర్రాడిని రిలీవర్‌గా మార్చి డబుల్ ఎలో ఉంచండి. వాడిని ఇప్పుడు అమ్మితే ఏమీ రాదు.

ఆదివారం డ్రాఫ్టులో షార్ట్‌స్టాప్‌ని తీసుకోండి. రేటింగుల్లో ఆ కాలేజీ పిచర్ పొటెన్షియల్ అయిదు పాయింట్లు ఎక్కువ ఉన్నా నా మాట ఇదే. పది పాయింట్లు ఎక్కువ ఉండి, మూడు పిచ్‌లూ యాభై దాటి, గాయాల చరిత్ర శుభ్రంగా ఉంటే పిచర్‌ని తీసుకోమనేవాడిని. మీరు పంపిన దాంట్లో అతనికి కాలేజీలోనే ఒకసారి భుజం నొప్పి వచ్చిందని ఉంది. అలాంటివాడిని ఆరో పిక్‌లో ముట్టుకోవద్దు. షార్ట్‌స్టాప్ మీ ముందే వెళ్ళిపోతే, మీ జాబితాలో తర్వాత ఉన్న కాలేజీ క్యాచర్‌ని తీసుకోండి. రెండో రౌండ్‌లో మాత్రం మీ ఇష్టం. అక్కడ మీకు నచ్చిన పిచర్ ఉంటే బావగారు అడ్డు చెప్పకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. నిజానికి ఇద్దరూ పని పంచుకుంటే ఇంకా బావుంటుంది. పిచర్లని, వాళ్ళ ఇన్నింగ్స్‌ని, గాయాల్ని మీరు చూసుకోండి. ట్రేడ్ బేరాలు ఆయనకి వదిలెయ్యండి. పిచర్ల మీద మీకున్న ప్రేమ వాళ్ళని పెంచడానికి పనికొస్తుంది, అమ్మడానికి పనికిరాదు.

దెబ్బ తగిలిన ఇద్దరినీ వదలకండి. ఫార్మ్ రోస్టర్‌లో చోటు తప్ప వాళ్ళ వల్ల మీకు ఖర్చేమీ లేదు, గాయాల జాబితాలో పెడితే ఆ చోటూ అడ్డు రాదు. మోచేతి లిగమెంట్ ఆపరేషన్‌ని మొదటిసారి 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేశారు, చేయించుకున్నది టామీ జాన్. 1975 అంతా ఆడలేదు, 1976లో తిరిగొచ్చాడు. కెరీర్‌లో గెలిచిన 288 మ్యాచ్‌ల్లో 164 ఆపరేషన్ తర్వాత గెలిచినవే. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుందనే లెక్క ఇప్పటికీ అంతే. మీవాళ్ళిద్దరూ వచ్చే సీజన్ మధ్యలో వస్తారు. వచ్చాక హై ఎకి కాకుండా సింగిల్ ఎకి పంపండి. మొదటి నెల రిలీవర్లుగానే వాడండి, పిచ్‌ల పరిమితి నలభై దగ్గర పెట్టండి. ఆగస్టులో కంట్రోల్ రేటింగ్ మళ్ళీ చూడండి. పాత అంకెకి అయిదు పాయింట్ల లోపు ఉంటే స్టార్టర్‌గా వెనక్కి తీసుకురండి, అంతకంటే ఎక్కువ తగ్గితే బుల్‌పెన్‌లోనే ఉంచెయ్యండి.